పయాన్ ఎందుకంత తేలిక?

ప్రోటాన్‌లో క్వార్కులు అనే మరింత చిన్న కణాలు మూడు ఉంటాయి. దాని ద్రవ్యరాశి 938 ఎంఈవీ. కణాల బరువు చెప్పడానికి వాడే కొలమానం ఈ మెగా ఎలక్ట్రాన్ వోల్టే; ఈ లెక్కలో ఎలక్ట్రాన్ బరువు 0.511. మూడు క్వార్కులకు 938 అయితే, ఒక క్వార్కు, ఒక యాంటీక్వార్కు (క్వార్కుకు ప్రతికణం) జతకట్టిన కణం ఎంత తూగాలి? మూడింట రెండు వంతులు, అంటే 625 దరిదాపుల్లో ఉండాలి. రో మీసాన్ అనే అలాంటి కణం 775 తూగుతుంది. అంచనా కాస్త తప్పింది, ఫరవాలేదు అనుకోవచ్చు. కానీ సరిగ్గా అవే రెండు క్వార్కులతో తయారైన పయాన్ బరువు 140 మాత్రమే.

రెండింటికీ తేడా ఒక్కటే, స్పిన్: కణం తన చుట్టూ తాను తిరుగుతున్నట్టు కనిపించే లక్షణం. రోలో క్వార్కు స్పిన్, యాంటీక్వార్కు స్పిన్ ఒకే దిక్కుకు ఉంటాయి. పయాన్‌లో ఎదురెదురుగా ఉంటాయి. అందుకే రో స్పిన్ 1, పయాన్ స్పిన్ 0. హైడ్రోజన్ పరమాణువులో కూడా ఎలక్ట్రాన్, ప్రోటాన్‌ల స్పిన్‌లు ఇలాగే రెండు రకాలుగా ఉండవచ్చు. అక్కడ ఆ తేడా వల్ల శక్తిలో వచ్చే మార్పు ఒక ఎలక్ట్రాన్ వోల్టులో పది లక్షల వంతుల్లో ఆరు వంతులు. ఇక్కడ మాత్రం కణం బరువే అయిదున్నర రెట్లు మారిపోయింది. స్పిన్ తిరగబడినంత మాత్రాన ఇంత జరగడం మామూలు విషయం కాదు. దీనికి జవాబు దొరకడానికి మూడు దశాబ్దాలు పట్టింది, ఆ దారిలో తేలిక మీసాన్లన్నీ ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

క్వార్కు, యాంటీక్వార్కు కలిసిన కణాన్ని మీసాన్ అంటారు. అప్, డౌన్, స్ట్రేంజ్ అనే మూడు తేలిక క్వార్కులతో తయారయ్యేవి తేలిక మీసాన్లు. అప్ క్వార్కు సొంత బరువు సుమారు 2.2 ఎంఈవీ, డౌన్ 4.7, స్ట్రేంజ్ 95 చుట్టుపక్కల. ఒక్కసారి కూడి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ప్రోటాన్‌లో ఉన్నవి రెండు అప్‌లు, ఒక డౌన్. మొత్తం 9 ఎంఈవీ. ప్రోటాన్ బరువులో ఇది నూటికి ఒక వంతు. మిగతా 99 వంతులు క్వార్కుల కదలిక శక్తి, వాటిని కట్టిపడేసే గ్లువాన్ల శక్తి. కాబట్టి పయాన్ ఎందుకు తేలిక అన్న ప్రశ్న నిజానికి ఇంకో ప్రశ్నకు మరో రూపం: ప్రోటాన్‌కు, రోకు దండిగా దొరికిన ఆ శక్తి పయాన్‌కు ఎందుకు దొరకలేదు?

యుకావా లెక్క, తప్పు కణం

క్వార్కుల ఊసే లేని రోజుల్లో పయాన్ కథ మొదలైంది. కేంద్రకంలో ప్రోటాన్లన్నీ ధనావేశం ఉన్నవే కాబట్టి ఒకదాన్నొకటి తోసేసుకోవాలి. అయినా కేంద్రకం చెదిరిపోదు. అంటే విద్యుత్ బలాన్ని మించిన ఆకర్షణ ఏదో పనిచేస్తోంది. ఆ ఆకర్షణ ఒకటి రెండు ఫెర్మీల దూరం దాటితే కనిపించదు. ఫెర్మీ అంటే 10⁻¹⁵ మీటరు. 1935లో జపాన్ శాస్త్రవేత్త హిడెకి యుకావా ఈ దూరాన్నే ఆధారంగా తీసుకున్నాడు. బలాన్ని ఒక కణం మోసుకెళ్తుందనుకుంటే, ఆ కణం ఎంత బరువైతే బలం అంత తక్కువ దూరంలో ఆగిపోతుంది. లెక్క చాలా చిన్నది: 197ను ఎంఈవీల్లో ఉన్న ద్రవ్యరాశితో భాగిస్తే బలం పనిచేసే దూరం ఫెర్మీల్లో వస్తుంది. రెండు ఫెర్మీల దూరానికి సుమారు 100 ఎంఈవీ, అంటే ఎలక్ట్రాన్‌కు 200 రెట్లు బరువున్న కణం కావాలి. ఎలక్ట్రాన్‌కూ ప్రోటాన్‌కూ మధ్య అంతవరకు ఏ కణమూ లేదు. ఆ మధ్యస్థపు బరువు వల్లనే తర్వాత మీసాన్ అన్న పేరు నిలిచింది. గ్రీకులో మెసోస్ అంటే మధ్య అని అర్థం. అప్పట్లో వాడుతున్న మెసోట్రాన్ అన్న మాటను ఇలా కుదించమని 1939లో సూచించినవాడు హోమీ భాభా.

యుకావా చెప్పిన రెండేళ్లలోపే కార్ల్ ఆండర్సన్, సేత్ నెడెర్‌మేయర్‌లకు అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాల్లో సరిగ్గా ఆ బరువున్న కణం కనిపించింది. 106 ఎంఈవీ. లెక్కకు అతికినట్టు సరిపోయింది. అందరూ ఇదే యుకావా కణం అనుకున్నారు. పదేళ్లపాటు అలాగే అనుకున్నారు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ కణం కేంద్రకాలను పెద్దగా పట్టించుకునేది కాదు. కేంద్రకాన్ని కట్టి ఉంచే బలాన్ని మోసే కణం కేంద్రకం దగ్గరికి వస్తే వెంటనే అందులో కలిసిపోవాలి. రోమ్‌లో యుద్ధకాలపు ఇబ్బందుల మధ్య మార్సెల్లో కాన్వెర్సీ, ఎట్టోరె పాన్చీని, ఒరెస్టె పిచియోనీ దీన్ని పరీక్షకు పెట్టారు. రుణావేశం ఉన్న మెసోట్రాన్లను కార్బన్‌లో ఆపి చూస్తే, అవి కేంద్రకంలో కలవకుండా తాపీగా తమంతట తామే క్షయమవుతున్నాయి. 1947లో వచ్చిన ఈ ఫలితంతో అది యుకావా కణం కాదని తేలిపోయింది. అది ఎలక్ట్రాన్‌కు బరువైన బంధువు, మ్యువాన్. నిజానికి అది మీసానే కాదు. జపాన్‌లో షోయిచి సకాటా, అమెరికాలో రాబర్ట్ మార్షక్ విడివిడిగా ఒకే మాట అన్నారు: కణాలు రెండు ఉండాలి, పైన వాతావరణంలో యుకావా కణం పుట్టి, కిందికి వచ్చేలోపే క్షయమై ఈ మ్యువాన్‌ను ఇస్తూ ఉండాలి.

ఆరు వందల మైక్రాన్ల గీత

రెండు కణాల సంగతి ఫొటోగ్రాఫిక్ ప్లేటు మీద తేలింది. ఆవేశమున్న కణం ఎమల్షన్‌లోంచి దూసుకుపోతే దారి పొడవునా వెండి రేణువులు నల్లబడతాయి. ప్లేటును డెవలప్ చేసి సూక్ష్మదర్శినిలో చూస్తే కణం నడిచిన బాట కనిపిస్తుంది. ఈ పద్ధతిలో మీసాన్ బరువు కొలవవచ్చని 1941, 1942 సంవత్సరాల్లోనే దేబేంద్ర మోహన్ బోస్, బిభా చౌధురి చూపించారు. డార్జిలింగ్, సందక్‌ఫూ వంటి ఎత్తైన చోట్ల ప్లేట్లు ఉంచి, ఎలక్ట్రాన్‌కు సుమారు 200 రెట్లు బరువున్న కణాల బాటలను కనిపెట్టి నేచర్ పత్రికలో ప్రచురించారు. యుద్ధం వల్ల వాళ్లకు మంచి ప్లేట్లు అందలేదు. దొరికిన హాఫ్‌టోన్ ప్లేట్లతో పయాన్‌నూ మ్యువాన్‌నూ విడదీసి చూడటం సాధ్యం కాలేదు. మీసాన్ల చరిత్ర చెప్పేటప్పుడు ఈ ఇద్దరి పేర్లు వదిలేయడం చాలాకాలం జరిగింది. అది న్యాయం కాదు.

యుద్ధం తర్వాత బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో సెసిల్ పావెల్, జుసెప్పె ఓకియాలీనీ, సెజార్ లాటెస్ బృందానికి వెండి లవణం బాగా దట్టించిన కొత్త ఇల్‌ఫోర్డ్ ఎమల్షన్ దొరికింది. ఫ్రాన్స్‌లోని పిక్ దు మిదీ శిఖరం మీద, తర్వాత లాటెస్ చొరవతో బొలీవియాలో 5,000 మీటర్లకు పైన ఉన్న చకల్తాయా మీద ప్లేట్లు ఉంచారు. గుట్టలుగా వచ్చిన ప్లేట్లను రోజంతా సూక్ష్మదర్శిని కింద వెతికింది ఎక్కువగా స్త్రీలు. అందులో మరియెట్టా కుర్జ్ కంటికి మొట్టమొదట ఒక విచిత్రమైన బాట చిక్కింది: ఒక మీసాన్ వేగం తగ్గి ఆగిపోయింది, ఆగిన చోటు నుంచి ఇంకో మీసాన్ బయలుదేరింది.

అలాంటివి మరికొన్ని దొరికాక అసలు సంగతి బయటపడింది. రెండో కణం ఎప్పుడు చూసినా దాదాపు ఒకే దూరం వెళ్లి ఆగుతోంది, సుమారు 600 మైక్రాన్లు. అంటే ప్రతిసారీ అది ఒకే శక్తితో, 4.1 ఎంఈవీతో, పుడుతోంది. ఆగి ఉన్న కణం మూడు ముక్కలైతే శక్తి ఒక్కోసారి ఒక్కోలా పంచుకుంటుంది. రెండే ముక్కలైతే మాత్రం వాటి ద్రవ్యవేగాలు సమానంగా, ఎదురెదురుగా ఉండాలి కాబట్టి వాటా మారదు. కాబట్టి కనిపించే మ్యువాన్‌తో పాటు కనిపించని ఇంకొక్కటే కణం, చాలా తేలికైనది, ఎదురు దిక్కుకు వెళ్లింది. అదే న్యూట్రినో. ఒక గీత పొడవు మారకపోవడం నుంచి ఇంత రాబట్టారు. 1947లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ ప్లేట్ల చిత్రాలు ఈ శాస్త్రంలో అన్నిటికన్నా అందమైన సాక్ష్యాల్లో ఒకటి. యుకావాకు 1949లో, పావెల్‌కు 1950లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ తర్వాత విశ్వకిరణాల కోసం కొండలెక్కే అవసరం క్రమంగా తగ్గిపోయింది. 1948లో లాటెస్, యూజీన్ గార్డ్‌నర్ బర్క్‌లీలోని 184 అంగుళాల సైక్లోట్రాన్ అనే కణ త్వరణ యంత్రంలో పయాన్లను పుట్టించారు. 1950లో ఆవేశం లేని పయాన్ కూడా అక్కడే దొరికింది. అది దొరికిన తీరు వేరు: ఆవేశం లేనిది బాట వదలదు కాబట్టి, అది క్షయమై ఇచ్చే రెండు గామా కిరణాలను పట్టుకుని దాన్ని గుర్తించారు.

ఆయుష్షు చెప్పే సంగతులు

ఆవేశమున్న పయాన్ బరువు 139.57 ఎంఈవీ, సగటు ఆయుష్షు సెకనులో 2.6×10⁻⁸ వంతు, అంటే 26 నానోసెకన్లు. ఆవేశం లేని పయాన్ 134.98 తూగుతుంది, ఆయుష్షు 8.4×10⁻¹⁷ సెకన్లు. బరువులో తేడా 5 ఎంఈవీ కూడా లేదు, అదీ ఎక్కువగా విద్యుత్ బలం వల్ల వచ్చింది. ఆయుష్షులో మాత్రం తేడా 30 కోట్ల రెట్లు. కారణం దారులు వేరు కావడమే. తటస్థ పయాన్‌లో క్వార్కూ దాని సొంత యాంటీక్వార్కూ ఉన్నాయి. అవి కలిసి ఫోటాన్లుగా మారిపోవచ్చు. అది విద్యుదయస్కాంత బలం చేసే పని, వేగంగా అయిపోతుంది. ఆవేశమున్న పయాన్‌లో అప్, యాంటీడౌన్ ఉన్నాయి. అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకోవాలంటే కణాల రకాన్నే మార్చగల దుర్బల బలం ఒక్కటే దిక్కు. అది పేరుకు తగ్గట్టే నిదానం.

ఆవేశమున్న పయాన్ దాదాపు ఎప్పుడూ మ్యువాన్‌గానే మారుతుంది. ఎలక్ట్రాన్‌గా మారడం పదివేలకు ఒక్కసారి కంటే కొంచెం ఎక్కువ, అంతే. మొదటి చూపులో ఇది తలకిందులుగా అనిపిస్తుంది. ఎలక్ట్రాన్ తేలిక కాబట్టి మిగిలే శక్తి ఎక్కువ, ఆ దారే సులువుగా ఉండాలి. అడ్డం పడేది స్పిన్. కణం వెళ్లే దిక్కుతో పోలిస్తే దాని స్పిన్ ఎటు ఉందో దాన్ని బట్టి కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం అంటారు. పయాన్‌కు స్పిన్ లేదు కాబట్టి ఎదురెదురుగా వెళ్లే రెండు కణాల వాటం ఒకటే కావాలి. న్యూట్రినో ఎప్పుడూ ఎడమచేతి వాటమే. దాంతో పాటు పుట్టే పాజిట్రాన్, అంటే ఎలక్ట్రాన్‌కు యాంటీకణం, కూడా ఎడమచేతి వాటంతో పుట్టాలి. కానీ దుర్బల బలం యాంటీకణాలను కుడిచేతి వాటంగా పుట్టిస్తుంది. బరువైన కణం నెమ్మదిగా కదులుతుంది కాబట్టి వాటం విషయంలో సర్దుకోగలదు, మ్యువాన్‌కు అది కుదురుతుంది. కాంతివేగానికి దగ్గరగా పరిగెత్తే పాజిట్రాన్‌కు ఆ వీలు దాదాపు లేదు. ఈ అరుదైన క్షయం 1958లో సెర్న్‌లో కనిపించింది, అదీ సిద్ధాంతం చెప్పిన పాళ్లలోనే.

కేయాన్లు అనే మీసాన్ల సంగతి ఇంకా వింత. 1947లోనే మాంచెస్టర్‌లో జార్జ్ రోచెస్టర్, క్లిఫర్డ్ బట్లర్ క్లౌడ్ చాంబర్‌లో తీసిన వేల ఫొటోల్లో రెండు మాత్రం ఎవరూ ఎదురుచూడనివి. ఒకదాంట్లో శూన్యంలోంచి ఊడిపడినట్టు రెండు బాటలు ఇంగ్లిష్ వీ అక్షరంలా విడిపోయాయి. కనిపించని కణం ఏదో అక్కడ రెండుగా చీలింది. 1948లో బ్రిస్టల్‌లో పరిశోధక విద్యార్థిని రోజ్‌మేరీ బ్రౌన్ ప్లేటులో ఒక కణం మూడు పయాన్లుగా విడిపోవడం చూసింది. ఆవేశమున్న కేయాన్ బరువు 494 ఎంఈవీ, తటస్థమైనది 498.

వీటి ఇబ్బంది ఆయుష్షు. కేంద్రకాన్ని కట్టి ఉంచే ప్రబల బలం వల్ల తేలిగ్గా పుడుతున్నవి అదే బలం వల్ల 10⁻²³ సెకన్లలో పోవాలి. ఇవి 10⁻¹⁰, 10⁻⁸ సెకన్లు బతుకుతున్నాయి. అంటే ఉండాల్సిన దానికన్నా లక్షల కోట్ల రెట్లు ఎక్కువ. 1953లో ముర్రే గెల్‌మాన్, జపాన్‌లో కజుహికో నిషిజిమా, తదావొ నకానో ఒక కొత్త లక్షణాన్ని ఊహించారు: స్ట్రేంజ్‌నెస్. ప్రబల బలం దాన్ని మార్చలేదు. అందుకే పుట్టేటప్పుడు ఒకటి ప్లస్‌తో, ఒకటి మైనస్‌తో జంటగా పుడతాయి. విడిపోయాక ఒంటరి కేయాన్‌కు దుర్బల బలం కోసం ఎదురుచూడటం తప్ప గత్యంతరం లేదు. ఈ లక్షణమే తర్వాత స్ట్రేంజ్ క్వార్కు అయింది.

ఇంకా రెండు సార్లు కేయాన్ భౌతికశాస్త్రాన్ని కుదిపేసింది. ఒకే బరువు, ఒకే ఆయుష్షు ఉన్న కణం ఒకసారి రెండు పయాన్లుగా, ఒకసారి మూడు పయాన్లుగా మారుతోంది. అద్దంలో ప్రతిబింబం కూడా అవే నియమాలు పాటిస్తే ఇది కుదరదు. 1956లో లీ, యాంగ్ అసలు దుర్బల బలం అద్దం నియమాన్ని పాటిస్తుందనడానికి రుజువే లేదని ఎత్తిచూపారు. కొన్ని నెలల్లోనే చియెన్-షియుంగ్ వు కోబాల్ట్ ప్రయోగం పాటించదని తేల్చింది. 1964లో జేమ్స్ క్రోనిన్, వాల్ ఫిచ్ బ్రూక్‌హేవెన్‌లో ఇంకో అడుగు ముందుకు వెళ్లారు: ఎక్కువకాలం బతికే తటస్థ కేయాన్ వెయ్యికి సుమారు రెండుసార్లు, తనకు నిషిద్ధమైన రెండు పయాన్ల దారి పడుతోంది. కుడి ఎడమలను మార్చి, పదార్థాన్ని ప్రతిపదార్థంగా మార్చినా ప్రకృతి నియమాలు సరిగ్గా ఒకేలా ఉండవని దాంతో తెలిసింది.

1961: గ్రాఫు మీద గుట్టలు

అప్పటిదాకా దొరికినవన్నీ ఎంతో కొంత దూరం నడిచే కణాలు, లేదా గామా కిరణాలుగా తెలిసిపోయేవి. రో అలాంటిది కాదు. దాని ఆయుష్షు 4.4×10⁻²⁴ సెకన్లు. కాంతివేగంతో వెళ్లినా ఆ సమయంలో 1.3 ఫెర్మీలు దాటదు, ప్రోటాన్ వ్యాసం కన్నా తక్కువ. కణాల బాటను బుడగలుగా చూపే ఏ బబుల్ చాంబర్‌లోనూ బాట కనిపించదు. పుట్టిన చోటే చస్తుంది.

అయినా దొరికింది, ఎలాగంటే బయటికి వచ్చిన రెండు పయాన్ల శక్తి, ద్రవ్యవేగం కొలిచి, అవి ఒకే తల్లి నుంచి వచ్చి ఉంటే ఆ తల్లి బరువు ఎంతై ఉండేదో లెక్కకడతారు. వేల ఘటనలకు ఈ లెక్క వేసి గ్రాఫు గీస్తే, సంబంధం లేని జంటలన్నీ చదునుగా పరుచుకుంటాయి. నిజంగా ఒకే కణం నుంచి వచ్చిన జంటలు ఒకచోట గుట్టలా పోగుపడతాయి. 1961లో బ్రూక్‌హేవెన్‌లోని కాస్మోట్రాన్ త్వరణ యంత్రం దగ్గర తీసిన ఫొటోల్లో రో గుట్ట బయటపడింది. గుట్ట నడిమి భాగం బరువు చెబుతుంది, దాని వెడల్పు ఆయుష్షు చెబుతుంది. తక్కువ బతికే కణానికి కచ్చితమైన బరువు ఉండదు. రో వెడల్పు దాదాపు 149 ఎంఈవీ, తన బరువులో అయిదో వంతు. కణం అంటే ఒక చిన్న గోళీ అన్న ఊహ ఇక్కడితో పనికిరాకుండా పోతుంది.

అదే ఏడాది బర్క్‌లీలో లూయిస్ అల్వరెజ్ బృందం 72 అంగుళాల హైడ్రోజన్ బబుల్ చాంబర్ ఫొటోల్లోంచి ఒమేగాను తీసింది: 783 ఎంఈవీ, మూడు పయాన్లుగా మారుతుంది. బరువులో రోకు పక్కనే ఉన్నా వెడల్పు 9 ఎంఈవీ లోపే. రెండు పయాన్ల సులువైన దారి దానికి దాదాపు మూసుకుపోయింది కాబట్టి రో కన్నా 17 రెట్లు ఎక్కువకాలం బతుకుతుంది. ఆ సంవత్సరమే 548 ఎంఈవీ దగ్గర ఈటా కూడా దొరికింది. ఈటా వెడల్పు 1.3 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే, రో వెడల్పులో లక్షో వంతు కూడా కాదు. రెండు పయాన్లుగా మారడానికి పారిటీ, అంటే అద్దం నియమం, ఒప్పుకోదు. మూడు పయాన్లుగా మారాలంటే అప్, డౌన్ క్వార్కుల బరువులు వేరుగా ఉండాలి. ఆ చిన్న తేడా ఉంది కాబట్టే ఆ దారి కాస్త తెరుచుకుంది. అందుకే ఈటా క్షయాన్ని కొలిచి క్వార్కుల బరువుల తేడాను లెక్కగట్టే పని నేటికీ సాగుతోంది.

తర్వాత ఫై వచ్చింది, 1,019 ఎంఈవీ. ఇది రెండు కేయాన్లుగా మారడానికే మొగ్గు చూపుతుంది. రెండు కేయాన్ల బరువు పోను మిగిలేది 32 ఎంఈవీ. మూడు పయాన్లుగా మారితే 600 మిగులుతుంది. ఇంత విశాలమైన దారి వదిలి ఇరుకు సందులో ఎందుకు దూరుతోంది? జార్జ్ జ్వైగ్‌ను క్వార్కుల ఆలోచన వైపు నడిపించింది ఈ ప్రశ్నే. ఫై లోపల స్ట్రేంజ్, యాంటీస్ట్రేంజ్ అనే నిజమైన ముక్కలు ఉన్నాయనుకుంటే జవాబు తేలిక: ఆ ముక్కలు బతికే ఉండి చెరో కేయాన్‌లోకి వెళ్తాయి. పయాన్లలో స్ట్రేంజ్ లేదు కాబట్టి ఆ దారిలో వెళ్లాలంటే అవి ముందు నశించాలి, అది కష్టం. 1964లో జ్వైగ్, గెల్‌మాన్ విడివిడిగా క్వార్కులను ప్రతిపాదించారు. కణాల జాబితా దాంతో ఒక్కసారిగా సర్దుకుంది. మూడు రకాల క్వార్కులు, మూడు రకాల యాంటీక్వార్కులు కలిస్తే తొమ్మిది జతలు. స్పిన్‌లు ఒకే దిక్కున ఉంటే రో, ఒమేగా, ఫై, స్పిన్ 1 ఉన్న కేయాన్లు. ఎదురెదురుగా ఉంటే పయాన్లు మూడు, కేయాన్లు నాలుగు, ఈటా, దాని అన్న ఈటా ప్రైమ్.

స్పిన్ 1 కుటుంబం బరువులు చూస్తే ఏ చిక్కూ లేదు. రో 775, స్ట్రేంజ్ ఒకటి చేరితే 892, రెండు చేరితే 1,019. మెట్టు మెట్టుకూ వంద పైచిలుకు, స్ట్రేంజ్ క్వార్కు బరువు అంతే కదా. స్పిన్ 0 కుటుంబంలో మాత్రం 138, 495, 548, 958. ఇందులో ఏ మెట్లూ కనబడవు.

శూన్యం ఎంచుకున్న దిక్కు

క్వార్కులు రాకముందే, 1960 ప్రాంతంలో, దీనికి తాళంచెవి యోయిచిరో నంబు చేతిలో ఉంది. బరువు లేని క్వార్కును ఊహించుకుంటే, అది కాంతివేగంతో వెళ్తుంది. దాన్ని దాటిపోయి వెనక్కి తిరిగి చూసేవాళ్లు ఉండరు కాబట్టి ఎడమచేతి వాటం క్వార్కు ఎప్పటికీ ఎడమ వాటమే, కుడిది కుడి వాటమే. రెండూ వేర్వేరు జాతులన్నట్టు. అప్, డౌన్ దాదాపు బరువు లేనివే కాబట్టి ప్రబల బల నియమాల్లో ఈ సౌష్ఠవం, అంటే ఎడమనూ కుడినీ విడివిడిగా మార్చినా నియమాలు మారకపోవడం, దాదాపు పూర్తిగా ఉంది. కానీ ప్రకృతిలో చూస్తే దాని జాడ లేదు. ఉంటే ప్రతి కణానికీ అదే బరువుతో, ఎదురు పారిటీతో కవలపిల్ల ఉండాలి. రోకు అలాంటి కవల లేదు. దానికి జోడీ అనదగ్గ ఏ1 మీసాన్ 1,200 దాటి ఎక్కడో ఉంది.

నంబు అతివాహకత (నిరోధం లేకుండా విద్యుత్ ప్రవహించడం) నుంచి ఒక ఆలోచన తెచ్చాడు. నియమాల్లో సౌష్ఠవం ఉన్నా, శూన్యం దాన్ని పాటించనక్కర్లేదు. ఇనుము చల్లబడి అయస్కాంతమైనప్పుడు లోపలి సూక్ష్మ అయస్కాంతాలన్నీ ఏదో ఒక దిక్కును ఎంచుకుంటాయి. ఏ దిక్కైనా ఒకటే అని నియమాలు చెప్పినా, ఇనుము మాత్రం ఒక దిక్కుకే తిరిగి ఉంటుంది. అలాగే ప్రబల బలం ఉన్న శూన్యం ఖాళీగా ఉండదు. ఎడమ వాటాన్నీ కుడి వాటాన్నీ ముడివేసే క్వార్కు, యాంటీక్వార్కు జతలతో నిండి ఉంటుంది. ఆ ముడి పడటంతోనే బరువు లేని క్వార్కు 300 ఎంఈవీ ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. ప్రోటాన్ 938, రో 775 అయింది అందుకే.

ఇలా ఒక దిక్కు ఎంచుకున్న చోట మరో సంగతి తప్పదు. దిక్కును మొత్తంగా తిప్పడానికి శక్తి ఖర్చు కాదు. అందువల్ల ఆ దిక్కు నెమ్మదిగా అటూ ఇటూ ఊగే అల ఒకటి ఉంటుంది, దాని పొడవు పెరిగేకొద్దీ శక్తి సున్నాకు వెళ్తుంది. కణాల భాషలో అది బరువు లేని కణం. దీన్ని నంబు, జెఫ్రీ గోల్డ్‌స్టోన్ చూపించారు. పయాన్ ఆ అలే. రోలాగా రెండు క్వార్కులు కట్టుబడి ఉన్న ముద్ద అని మాత్రమే చూస్తే దాని బరువు ఎప్పటికీ అర్థం కాదు. అసలైతే దానికి బరువే ఉండకూడదు. అప్, డౌన్ క్వార్కులకు కొద్దిపాటి సొంత బరువు ఉంది కాబట్టి సౌష్ఠవం నియమాల్లోనే కొంచెం చెడింది, ఆ మేరకు పయాన్‌కు 140 వచ్చింది.

ఇది కథ చెప్పి వదిలేసే వివరణ కాదు, లెక్కకు నిలబడుతుంది. 1968లో గెల్‌మాన్, ఓక్స్, రెన్నర్ ఇచ్చిన సంబంధం ప్రకారం ఈ కుటుంబంలో క్వార్కుల సొంత బరువుతో పాటు పెరిగేది మీసాన్ బరువు కాదు, దాని వర్గం. కేయాన్ బరువు వర్గాన్ని పయాన్ బరువు వర్గంతో భాగిస్తే సుమారు 13 వస్తుంది. కేయాన్‌లో ఒక స్ట్రేంజ్, ఒక తేలిక క్వార్కు. పయాన్‌లో రెండూ తేలికే. దీన్నిబట్టి స్ట్రేంజ్ క్వార్కు తేలిక క్వార్కుల సగటు కన్నా పాతిక రెట్లు బరువుండాలి. కంప్యూటర్లతో చేసే లాటిస్ గణనలు నేడు 27 అంటున్నాయి. కాగితం మీద మూడు నిమిషాల్లో వేసే లెక్కకు ఇంత దగ్గరగా రావడం గొప్ప సంగతి. మెట్లు కనబడకపోవడానికి కారణం బరువులు చూడటమే. వర్గాలు చూస్తే మెట్లు ఉన్నాయి.

ఈటా ప్రైమ్ మాత్రం ఈ లెక్కకు లొంగలేదు. తొమ్మిదో సభ్యుడిగా అదీ తేలికగానే ఉండాలి. స్టీవెన్ వైన్‌బర్గ్ 1975లో లెక్కగట్టి, పయాన్ బరువుకు 1.73 రెట్లు, అంటే 240 ఎంఈవీ లోపు అలాంటి కణం ఒకటి ఉండి తీరాలన్నాడు. అలాంటిదేమీ లేదు. ఉన్న ఈటా ప్రైమ్ ప్రోటాన్ కన్నా బరువు. క్వార్కుల నియమాల్లో కనబడే ఆ తొమ్మిదో సౌష్ఠవం క్వాంటం స్థాయిలో నిలవదని, గ్లువాన్ క్షేత్రం మెలికలు తిరగడం వల్ల అది చెడిపోతుందని 1976లో గెరార్డ్ ట హూఫ్ట్ చూపించాడు. కాపాడే సౌష్ఠవమే లేనప్పుడు తేలికగా ఉండాల్సిన పనీ లేదు.

ఇలా క్వాంటం స్థాయిలో సౌష్ఠవం చెడటమే తటస్థ పయాన్‌ను చంపుతుంది. అలా చెడకపోతే బరువు లేని పయాన్ రెండు ఫోటాన్లుగా మారలేదు, నిజమైన పయాన్ కూడా చాలా ఎక్కువకాలం బతకాలి. 1969లో స్టీఫెన్ ఆడ్లర్, వేరుగా జాన్ బెల్, రోమన్ జాకివ్ దీన్ని లెక్కలో పట్టుకున్నారు. వెడల్పు సుమారు 7.7 ఎలక్ట్రాన్ వోల్టులు రావాలి, అదీ ప్రతి క్వార్కూ మూడు రంగుల్లో ఉంటేనే. రంగు అంటే ఇక్కడ ప్రబల బలానికి సంబంధించిన ఆవేశం. రంగులు లేకుంటే జవాబు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. జెఫర్సన్ ల్యాబ్‌లో ప్రైమెక్స్ బృందం 2020లో ప్రకటించిన కొలత 7.8. అన్నిటికన్నా తేలికైన మీసాన్ ఆయుష్షులో క్వార్కులకు ఎన్ని రంగులో రాసి ఉంది.

మిగిలిపోయిన సిగ్మా

క్వార్కు, యాంటీక్వార్కు జత అనే లెక్క స్పిన్ 0, ధన పారిటీ ఉన్న తేలిక మీసాన్ల దగ్గర తడబడుతుంది. వీటిలో అన్నిటికన్నా కిందిది సిగ్మా, 500 ఎంఈవీ ప్రాంతంలో. దాని వెడల్పు బరువుతో పోటీపడేంత ఉంటుంది కాబట్టి గుట్టలా కూడా కనిపించదు. కణాల అధికారిక పట్టికలోంచి దాన్ని 1970ల్లో తీసేశారు, 1996లో మళ్లీ చేర్చారు. 2006లో ఇరినెల్ కాప్రిని, గిల్బెర్టో కొలాంజెలో, హైన్రిచ్ లాయిట్‌వైలర్ పయాన్‌తో పయాన్ ఢీకొనే సమీకరణాల నుంచి 441 ఎంఈవీ బరువు, 544 వెడల్పు రాబట్టాక దాని ఉనికి గురించి వాదన సద్దుమణిగింది.

ఉనికి సరే, లోపల ఏముంది అన్నది వేరే విషయం. ఈ కుటుంబంలో సిగ్మా తర్వాత 700 దగ్గర కప్పా, 980 దగ్గర రెండు: ఒకటి ఎఫ్0, ఇంకొకటి ఏ0. ఏ0లో అప్, డౌన్ జత మాత్రమే ఉంటే, రో ఒమేగా పక్కన ఉన్నట్టే అది సిగ్మా పక్కన ఉండాలి. అందుకు భిన్నంగా పైకెక్కి ఎఫ్0తో సమానంగా కూర్చుంది, పైగా కేయాన్లంటే మక్కువ చూపిస్తుంది. లోపల స్ట్రేంజ్ క్వార్కులు లేకపోతే ఇది కుదరదు. 1977లో రాబర్ట్ జాఫీ వీటిలో రెండు క్వార్కులు, రెండు యాంటీక్వార్కులు ఉన్నాయనుకుని బరువుల క్రమం వేశాడు: స్ట్రేంజ్ లేని సిగ్మా అడుగున, ఒక స్ట్రేంజ్ ఉన్న కప్పా దాని పైన, స్ట్రేంజ్ జత ఉన్న ఏ0, ఎఫ్0 అన్నిటికన్నా పైన ఒకే ఎత్తులో. ప్రయోగాల్లో కనిపించేది సరిగ్గా ఆ క్రమమే. నాలుగూ ఒకే ముద్దగా ఉన్నాయా, లేక రెండు మీసాన్లు ఒకదాని పక్కన ఒకటి వదులుగా అంటిపెట్టుకుని ఉన్నాయా అన్న దాని మీద మాత్రం లాటిస్ గణనలు, ప్రయోగాలు రెండూ ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి.